బుండెస్‌లిగాలో డబ్బు, పోటీ, 50+1 రూల్: తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మన్ ఫుట్‌బాల్ కొత్తగా చూడటం మొదలుపెట్టినవాళ్లు ముందు అడిగేది ఒకటే: ఎప్పుడూ బయర్న్ మ్యూనిక్ క్లబ్బే గెలిచే బుండెస్‌లిగాని, అంటే జర్మనీ పై డివిజన్ లీగ్‌ని, ఎందుకు చూడాలి? కొన్నేళ్లుగా చూస్తున్నవాళ్ల ప్రశ్న వేరు: ఓనర్లని రానివ్వని ఆ 50+1 రూలే ఈ లీగ్‌ని వెనక్కి లాగుతోందా? ఈ రెండింటి చుట్టూ తిరిగే ప్రశ్నలే ఇక్కడ ఉన్నాయి. లెక్కలు కోట్ల యూరోలలో ఇచ్చాం. యూరోని సుమారు వంద రూపాయలు అనుకుని చదివితే సులువుగా ఉంటుంది.

నిజంగా ప్రతి ఏడూ బయర్న్ మ్యూనికే గెలుస్తుందా?

దాదాపు అంతే. 2012-13 నుంచి 2022-23 దాకా వరసగా 11 టైటిళ్లు. 2023-24లో షాబీ అలోన్సో కోచ్‌గా ఉన్న బయర్ లెవర్కుసెన్ ఆడిన 34 మ్యాచ్‌లలో ఒక్కటీ ఓడకుండా ఆ వరస తెంచింది. మరుసటి ఏడాదే టైటిల్ మళ్లీ మ్యూనిక్ చేరింది. (బయర్న్ వేరు, బయర్ వేరు. మొదటిది బవేరియా రాష్ట్రం పేరు, రెండోది మందుల కంపెనీ.)

అయితే ఈ లీగ్ పుట్టిన దగ్గర్నుంచీ ఇలాగే లేదు. 2002 నుంచి 2009 వరకు ఎనిమిది సీజన్లు తీసుకుంటే ఐదు వేర్వేరు క్లబ్బులు గెలిచాయి: డార్ట్‌మండ్, బయర్న్, వెర్డర్ బ్రెమెన్, స్టుట్‌గార్ట్, వోల్ఫ్స్‌బుర్గ్. 1998లో అయితే కైజర్స్‌లౌటర్న్ రెండో డివిజన్ నుంచి పైకొచ్చిన మొదటి సీజన్‌లోనే ఛాంపియన్ అయింది. బుండెస్‌లిగాలో అలా ఇంకెవరూ గెలవలేదు. 50+1 రూల్ 1998లో వచ్చింది. అంటే ఐదుగురు ఛాంపియన్లు వచ్చిన ఆ కాలంలోనూ రూల్ ఉంది, ఒక్కరే గెలిచిన కాలంలోనూ ఉంది. కింది జవాబులు చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

బయర్న్ మొదట్నుంచీ డబ్బున్న క్లబ్బేనా?

కాదు. 1963లో బుండెస్‌లిగా మొదలైనప్పుడు బయర్న్‌ని అసలు తీసుకోలేదు. మ్యూనిక్ నగరం తరఫున ఆ చోటు 1860 మ్యూనిక్‌కి దక్కింది. బయర్న్ 1965లో రెండో అంచె నుంచి పైకొచ్చింది. అప్పటికే జట్టులో బెకెన్‌బౌవర్, గెర్డ్ ముల్లర్, సెప్ మయర్ ఉన్నారు. ముగ్గురూ కుర్రాళ్లే.

అసలు తేడా 1972లో వచ్చింది. ఒలింపిక్స్ కోసం మ్యూనిక్‌లో కట్టిన స్టేడియం బయర్న్‌కి సొంత మైదానం అయింది. అప్పట్లో టీవీ డబ్బు నామమాత్రం. గేటు దగ్గర టికెట్ల మీద వచ్చిందే ఆదాయం. 70 వేల మందికి పైగా పట్టే స్టేడియం ఉన్న క్లబ్బుకీ, 34 వేల మంది పట్టే క్లబ్బుకీ ఏటా ఎంత తేడా పడుతుందో ఊహించండి. ఆ రెండో క్లబ్బు బొరుస్సియా మోన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్. 1970 నుంచి 1977 మధ్య గ్లాడ్‌బాఖ్ ఐదుసార్లు గెలిస్తే బయర్న్ గెలిచింది మూడుసార్లే. ఆటలో గ్లాడ్‌బాఖ్ ఏమీ తీసిపోలేదు. కానీ నెట్సర్‌ని రియల్ మాడ్రిడ్‌కి, సిమోన్సెన్‌ని బార్సిలోనాకి, చివరికి మత్తేయస్‌ని బయర్న్‌కే ఇచ్చుకోవాల్సి వచ్చింది. 1977 తర్వాత గ్లాడ్‌బాఖ్ మళ్లీ లీగ్ గెలవలేదు.

1979లో ఊలీ హోనెస్ 27 ఏళ్లకే బయర్న్ క్లబ్బు వ్యవహారాలు చూసే మేనేజర్ అయ్యాడు. గేటు వసూళ్ల మీద బతికే క్లబ్బుని స్పాన్సర్లు, జెర్సీల అమ్మకాల వైపు తిప్పింది ఆయనే. 2005లో 75 వేల మంది పట్టే అలియాంజ్ అరీనా వచ్చింది. మొదట అందులో సగం వాటా 1860దే. డబ్బు చాలక ఆ క్లబ్బు తన వాటాని ఏడాది తిరిగేసరికి బయర్న్‌కే అమ్మేసుకుంది. ఇప్పుడు బయర్న్ కంపెనీలో 75 శాతం సభ్యుల సంఘానిది. అడిడాస్, ఔడీ, అలియాంజ్ తలా 8.33 శాతం పెట్టాయి. మూడూ బవేరియా కంపెనీలే. రష్యన్ కుబేరుడో గల్ఫ్ యువరాజో రాకుండానే, ఇంటి చుట్టుపక్కల ఉన్న కంపెనీలతోనే బయర్న్ ఇంత పెద్దదైంది.

రెండో స్థానంలో ఉన్న డార్ట్‌మండ్‌కీ బయర్న్‌కీ ఆదాయంలో ఎంత తేడా?

డెలాయిట్ లెక్క ప్రకారం 2023-24లో బయర్న్ ఆదాయం 76.5 కోట్ల యూరోలు. డార్ట్‌మండ్‌ది 51.4 కోట్లు. ఆ ఏడాది డార్ట్‌మండ్ ఛాంపియన్స్ లీగ్ (యూరప్ దేశాల మేటి క్లబ్బుల టోర్నీ) ఫైనల్ దాకా వెళ్లింది. అంత బాగా ఆడిన సంవత్సరంలోనే పాతిక కోట్ల తేడా ఉందంటే, మామూలు సంవత్సరం సంగతి చెప్పక్కర్లేదు.

50+1 రూల్ అంటే ఏమిటి?

జర్మనీలో ఫుట్‌బాల్ క్లబ్ అంటే మొదట్లో సభ్యుల సంఘం. ఏటా చందా కడతారు, సర్వసభ్య సమావేశంలో ఓటేస్తారు, అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. 1998లో జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్య ప్రొఫెషనల్ జట్టుని విడిగా కంపెనీగా మార్చుకోవచ్చని అనుమతి ఇచ్చింది. ఒకటే షరతు: ఆ కంపెనీలో ఓట్ల మెజారిటీ, అంటే సగానికి కనీసం ఒక ఓటు ఎక్కువ, సంఘం చేతిలోనే ఉండాలి.

షరతు ఓట్ల మీదే, పెట్టుబడి మీద కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. డార్ట్‌మండ్ షేర్లు 2000 నుంచి స్టాక్ మార్కెట్లో ఉన్నాయి, మీరూ కొనుక్కోవచ్చు. కానీ కంపెనీని నడిపే అధికారం సంఘానికే ఉండేలా నిర్మాణం చేశారు. మీకు షేరు ఉంటుంది, డివిడెండ్ వస్తే వస్తుంది. కోచ్‌ని మార్చే అధికారం మాత్రం రాదు.

ఫ్రైబుర్గ్ లాంటి కొన్ని క్లబ్బులు కంపెనీ జోలికే పోకుండా ఇప్పటికీ సంఘాలుగానే నడుస్తున్నాయి.

మరి లెవర్కుసెన్, వోల్ఫ్స్‌బుర్గ్, లైప్‌జిగ్?

లెవర్కుసెన్ బయర్ కంపెనీది, వోల్ఫ్స్‌బుర్గ్ ఫోక్స్‌వాగన్‌ది. 20 ఏళ్లకు పైగా ఆగకుండా క్లబ్బుని పోషించినవాళ్లకి మినహాయింపు ఇచ్చారు. ఫ్యాక్టరీ కార్మికుల కోసం పుట్టిన క్లబ్బులు కాబట్టి వీటి విషయంలో అభిమానులు కొంత సర్దుకుపోయారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎస్‌ఏపీ స్థాపకుల్లో ఒకరైన డీట్‌మార్ హోప్‌కి హోఫెన్‌హైమ్ విషయంలో 2015లో అదే మినహాయింపు దొరికింది. కొన్నేళ్లపాటు స్టాండ్లలో ఆయన మీద బ్యానర్లు, తిట్లు. చివరికి 2023లో ఆయనే ఓట్ల మెజారిటీని సంఘానికి తిరిగి ఇచ్చేశారు.

లైప్‌జిగ్‌కి మినహాయింపు లేదు, అవసరం పడలేదు. 2009లో రెడ్ బుల్ కంపెనీ మార్క్రాన్‌స్టెట్ అనే చిన్న క్లబ్బు లైసెన్సు తీసుకుని ఐదో అంచె నుంచి మొదలుపెట్టింది. సంఘం ఉంది, దానికి ఓట్ల మెజారిటీ కూడా ఉంది. కాకపోతే ఓటు హక్కున్న సభ్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే, వాళ్లూ రెడ్ బుల్‌కి దగ్గరివాళ్లే. బయర్న్ సంఘంలో సభ్యులు లక్షల్లో ఉన్నారు. రూల్ అక్షరం బతికింది, ప్రాణం పోయింది.

2025 జూన్‌లో జర్మనీ పోటీ నియంత్రణ సంస్థ తన అభిప్రాయం చెప్పింది. 50+1 మీద మౌలికంగా అభ్యంతరం లేదు, కానీ అందరికీ ఒకేలా అమలు చేయాలి. లెవర్కుసెన్, వోల్ఫ్స్‌బుర్గ్ మినహాయింపులు శాశ్వతంగా కొనసాగకూడదు. సంఘాల్లో సభ్యత్వం అందరికీ తెరిచి ఉండాలి. చివరి మాట ఎవరి గురించో చెప్పనవసరం లేదు.

50+1 ఎత్తేస్తే పోటీ పెరుగుతుంది కదా? పెద్ద ఓనర్లు వస్తే బయర్న్‌ని ఢీకొట్టొచ్చు కదా?

ఎక్కువమంది అడిగేది ఇదే. మా జవాబు: పెరుగుతుందనడానికి ఆధారం కనిపించదు.

ముందు పక్క దేశం చూడండి. ఫ్రాన్స్‌లో అలాంటి రూల్ లేదు. 2011లో ఖతర్ డబ్బు పారిస్ సెయింట్ జెర్మెయిన్‌కి వచ్చింది. ఆ తర్వాత ఫ్రెంచ్ లీగ్ చాలావరకు పారిస్ సొంతమైపోయింది. పెట్టుబడిదారు అన్ని క్లబ్బుల్నీ సమానంగా పైకి లేపడానికి రాడు, తనకి నచ్చిన ఒక్క క్లబ్బుకే వస్తాడు. జర్మనీలో తలుపులు తెరిస్తే వచ్చేవాడు ముందుగా ఏ క్లబ్బు తలుపు తడతాడు? చిన్న ఊరి క్లబ్బు హైడెన్‌హైమ్‌దా, బయర్న్‌దా?

ఇక జర్మనీలోనే డబ్బు వచ్చిన చోట ఏమైందో చూద్దాం. లార్స్ విండ్‌హోర్స్ట్ 2019 నుంచి హెర్తా బెర్లిన్‌లో మొత్తం 37.4 కోట్ల యూరోలు పెట్టాడు. రాజధాని నగరపు పెద్ద క్లబ్బు, యూరప్‌లో ఆడుతుందన్నారు. 2023లో హెర్తా రెండో డివిజన్‌కి పడిపోయింది. ఆయన వాటా కొన్న 777 పార్ట్‌నర్స్ అనే అమెరికన్ సంస్థ కూడా కుప్పకూలింది. అదే నగరంలో యూనియన్ బెర్లిన్ అనే చిన్న క్లబ్బు 2019లో మొదటిసారి బుండెస్‌లిగాకి వచ్చి, హెర్తా పడిపోయిన సీజన్‌లోనే నాలుగో స్థానంలో నిలిచి ఛాంపియన్స్ లీగ్‌కి వెళ్లింది. యూనియన్ స్టేడియాన్ని 2008-09లో రెండు వేల మందికి పైగా అభిమానులు పార పట్టుకుని స్వయంగా బాగుచేసుకున్నారు. డబ్బు అక్కర్లేదని చెప్పడం లేదు. డబ్బు ఉంటే చాలనుకోవడం తప్పని హెర్తా నిరూపించింది, అంతే.

రూల్ వల్ల నష్టమే లేదా అంటే ఉంది. వోల్ఫ్స్‌బుర్గ్‌కి ఫోక్స్‌వాగన్ అండ ఉంటే, అంతకంటే ఎన్నో రెట్లు పెద్ద ఊరున్న కొలోన్‌కి ఆ దారి మూసి ఉండటం న్యాయం కాదు. బయర్న్ ఆధిక్యం ముందే ఏర్పడిపోయాక వచ్చిన రూల్ ఆ ఆధిక్యాన్ని అలాగే గడ్డకట్టించిందనే వాదనలోనూ బలముంది.

అయితే పోటీ తగ్గడానికి అసలు కారణం ఏమిటి?

ఛాంపియన్స్ లీగ్ డబ్బు. యూరప్‌లో బాగా ఆడిన ఏడాది ఒక క్లబ్బుకి అక్కడి నుంచే 10 కోట్ల యూరోలు దాటి రావొచ్చు. ఆ డబ్బుతో మంచి ఆటగాళ్లు వస్తారు, వాళ్లతో మళ్లీ ఛాంపియన్స్ లీగ్‌లో చోటు దొరుకుతుంది. ఏ ఏడూ తప్పకుండా అక్కడ ఆడే క్లబ్బుకి ఇది వడ్డీ మీద వడ్డీలా పెరుగుతూ పోతుంది. ఐదేళ్లకోసారి వెళ్లే క్లబ్బుకి అదొక బోనస్ మాత్రమే, దాన్ని నమ్ముకుని పెద్ద జీతాలు ఇస్తే కొంప మునుగుతుంది. షాల్కె అలాగే మునిగింది. 2018లో లీగ్‌లో రెండో స్థానం, 2021లో రెండో డివిజన్, నెత్తిన 20 కోట్లు దాటిన అప్పు.

ఈ డబ్బుని పంచేది యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ. జర్మన్ లీగ్ ఏ రూల్ మార్చినా దీన్ని ముట్టుకోలేదు.

టీవీ డబ్బు సమానంగా పంచరా?

సగం సమానంగా, మిగతాదాంట్లో ఎక్కువ భాగం గత ఐదేళ్ల ఫలితాల్ని బట్టి. కుర్రాళ్లకి అవకాశం ఇచ్చినందుకు, జనాదరణకు కొద్ది శాతం విడిగా ఉంటుంది. పై డివిజన్‌లో మొదటి క్లబ్బుకీ చివరి క్లబ్బుకీ దేశీయ టీవీ డబ్బులో తేడా రెండు మూడు రెట్లే. చూడటానికి న్యాయంగానే ఉంది. కానీ దాని మీద ఛాంపియన్స్ లీగ్, స్పాన్సర్లు, స్టేడియం చేరాక ఆ రెండు మూడు రెట్లు ఎన్నో రెట్లవుతాయి.

నిజంగా పోటీ కావాలనుకుంటే లీగ్ చేతిలో ఉన్న మీట ఇదొక్కటే. దేశీయ టీవీ డబ్బులో సమాన వాటాని ఇంకా పెంచాలి. పెద్ద క్లబ్బులు ఒప్పుకోవు. ఇంగ్లండ్‌తో పోటీ పడాలంటే మాకే ఎక్కువ కావాలంటాయి. ఆ మాటలో కొంత నిజముంది: 2025 నుంచి 2029 దాకా నాలుగు సీజన్లకి బుండెస్‌లిగా రెండు డివిజన్ల దేశీయ హక్కులు 448.4 కోట్ల యూరోలు పలికాయి. ప్రీమియర్ లీగ్ ఒక్కదాని దేశీయ హక్కులే అదే నాలుగు సీజన్లకి 670 కోట్ల పౌండ్లు. విదేశీ హక్కుల దగ్గర తేడా ఇంకా ఘోరం.

బయర్న్ ప్రత్యర్థుల ఆటగాళ్లని కావాలని లాగేస్తుందంటారు. నిజమా?

చాలాకాలం నిజం. షాల్కె నుంచి నోయర్ 2011లో, డార్ట్‌మండ్ నుంచి గోట్సె 2013లో, ఆ వెంటనే లెవాన్‌డోవ్‌స్కీ 2014లో పైసా ఫీజు లేకుండా. 2021లో లైప్‌జిగ్ నుంచి ఉపమెకానో, సాబిట్సర్‌లతో పాటు కోచ్ నాగెల్స్‌మన్‌ని కూడా తీసుకెళ్లారు. కోచ్‌ని సైతం వదల్లేదన్నమాట.

ఈమధ్య లాగేవాళ్లు మారారు. లెవర్కుసెన్ ఛాంపియన్ జట్టు ఏమైందో చూడండి. 2025 వేసవిలో విర్ట్స్, ఫ్రింపాంగ్ లివర్‌పూల్‌కి, ఝాకా సండర్‌ల్యాండ్‌కి, కోచ్ అలోన్సో రియల్ మాడ్రిడ్‌కి. బయర్న్‌కి వెళ్లింది టా ఒక్కడే. విర్ట్స్ కోసం బయర్న్ గట్టిగా ప్రయత్నించినా దక్కలేదు. ఇంగ్లండ్‌లో అప్పుడే పైకొచ్చిన క్లబ్బు జర్మనీ ఛాంపియన్ జట్టు కెప్టెన్ స్థాయి ఆటగాణ్ణి కొనగలిగే రోజులివి.

డార్ట్‌మండ్ మాత్రం దీన్నే వ్యాపారంగా మార్చుకుంది. బెలింగ్‌హమ్‌ని 2020లో పదిహేడేళ్ల కుర్రాడిగా బర్మింగ్‌హమ్ నుంచి తెచ్చి, 2023లో 10.3 కోట్ల యూరోలకి, పైన బోనస్‌లతో రియల్ మాడ్రిడ్‌కి అమ్మింది. ఖజానాకి మంచిదే. కానీ ఏటా మంచి ఆటగాణ్ణి అమ్ముకుంటూ టైటిల్ గెలవడం కష్టం. 2023లో చివరి రోజు సొంత మైదానంలో మైన్స్‌ని ఓడిస్తే చాలు, కప్పు వాళ్లదే. 2-2తో డ్రా అయింది. అదే సమయానికి కొలోన్‌లో ముసియాలా 89వ నిమిషంలో కొట్టిన గోల్ కప్పుని మ్యూనిక్‌కి పంపేసింది.

ఐపీఎల్‌లా వేలం, పర్స్ లిమిట్ పెట్టొచ్చు కదా?

ఐపీఎల్ 2025 వేలానికి ప్రతి జట్టుకీ 120 కోట్ల రూపాయల పర్సే. అందుకే అక్కడ ఎవరైనా గెలవొచ్చు. అది మూసి ఉన్న లీగ్ కాబట్టి కుదిరింది. ఆఖరి స్థానంలో వచ్చిన జట్టు కింద డివిజన్‌కి పోదు, ఆటగాళ్లకి అంతే డబ్బిచ్చే లీగ్ ఇంకోటి లేదు. బుండెస్‌లిగా ఒక్కటే జీతాలకి పరిమితి పెడితే మంచి ఆటగాళ్లంతా మర్నాడే ఇంగ్లండ్ విమానం ఎక్కుతారు. పెడితే యూరప్ అంతా పెట్టాలి. యూఈఎఫ్‌ఏ తన టోర్నీల్లో ఆడే క్లబ్బులకి ఆటగాళ్ల ఖర్చు ఆదాయంలో 70 శాతం దాటకూడదని పెట్టింది. కానీ అది శాతం లెక్క. ఆదాయం ఎక్కువున్నవాడు ఎక్కువే ఖర్చు పెడతాడు. క్లబ్బులు దివాలా తీయకుండా ఆపుతుంది, పోటీని పెంచదు.

టైటిల్ కోసం ప్లేఆఫ్‌లు?

2022లో లీగ్ అధికారులు బయటికి అన్నారు, బయర్న్ తరఫున అప్పటి సీఈఓ ఒలివర్ కాన్ ఆసక్తి కూడా చూపించాడు. అభిమానులకి అస్సలు నచ్చలేదు. మాట అక్కడే ఆగింది.

జర్మన్ క్లబ్బులు దివాలా తీయవా?

కింది అంచెల్లో తీశాయి. ఆహెన్ 2012లో, ఒకప్పటి ఛాంపియన్ కైజర్స్‌లౌటర్న్ 2020లో. ఇద్దరూ అప్పుడు మూడో డివిజన్‌లో ఉన్నారు. పైన అలా జరక్కపోవడానికి కారణం లైసెన్సింగ్. ప్రతి క్లబ్బూ వచ్చే సీజన్ మొత్తానికీ ఖర్చులకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందే లీగ్‌కి కాగితాలతో చూపించాలి. లెక్క కుదరకపోతే బ్యాంకు గ్యారంటీ అడుగుతారు, అదీ లేకపోతే లైసెన్సు రాదు. 2017లో 1860 మ్యూనిక్ రెండో డివిజన్ నుంచి మూడోదానికి పడింది. ఆ లైసెన్సుకి కావలసిన డబ్బు వాళ్ల జోర్డాన్ పెట్టుబడిదారు కట్టకపోవడంతో నేరుగా నాలుగో అంచెకి పోయింది.

డార్ట్‌మండ్ మునిగిపోయే దాకా వెళ్లొచ్చింది. స్టాక్ మార్కెట్ డబ్బు ఖర్చుపెట్టి 2002లో ఛాంపియన్ అయ్యారు. మరుసటి ఏడాది ఛాంపియన్స్ లీగ్‌కి క్వాలిఫై కాలేదు. స్టేడియాన్ని అప్పటికే ఒక రియల్ ఎస్టేట్ ఫండ్‌కి అమ్మేశారు. ఆటగాళ్ల జీతాల్లో 20 శాతం కోత పడింది. బయర్న్ 20 లక్షల యూరోలు చేబదులిచ్చింది. ఈ సంగతి ఏళ్ల తర్వాత హోనెస్ బయటపెట్టాడు. 2005 మార్చి 14న డ్యూసెల్‌డార్ఫ్ విమానాశ్రయంలో ఆ ఫండ్ మదుపరులు సమావేశమై అద్దె వసూలు వాయిదా వేయడానికి ఒప్పుకున్నారు. వాళ్లు కాదని ఉంటే అప్పుడే కథ ముగిసేది. ఆరేళ్లకి క్లాప్ కోచ్‌గా మళ్లీ ఛాంపియన్లయ్యారు.

2024లో మైదానంలోకి టెన్నిస్ బంతులు ఎందుకు విసిరారు?

లీగ్ తన టీవీ ఆదాయంలో 8 శాతాన్ని 20 ఏళ్లపాటు ఒక పెట్టుబడి సంస్థకి రాసిచ్చి, బదులుగా 100 కోట్ల యూరోల దాకా తీసుకోవాలనుకుంది. రెండు డివిజన్లలోని 36 క్లబ్బుల్లో 24 ఓట్లు కావాలి. 2023 డిసెంబర్‌లో రహస్య ఓటింగ్‌లో సరిగ్గా 24 వచ్చాయి. హానోవర్ సంఘం వద్దని ఓటేయమని తన ప్రతినిధికి ఆదేశించింది. ఆయన ఎటు ఓటేశారన్నది పెద్ద గొడవైంది. 50+1 రూల్ ఆ ఓటుతోనే విరిగిందని అభిమానుల వాదన.

వారాల తరబడి ప్రతి మ్యాచ్‌లో టెన్నిస్ బంతులు, చాక్లెట్ నాణేలు పడ్డాయి, రిమోట్ కార్లు కూడా తిరిగాయి. ఆటలు ఆగాయి. పోటీలో మిగిలిన రెండు పెట్టుబడి సంస్థల్లో ముందు బ్లాక్‌స్టోన్ తప్పుకుంది. మిగిలిన సీవీసీతో మాట్లాడుతుండగానే 2024 ఫిబ్రవరి 21న లీగ్ ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకుంది. జర్మన్ అభిమాని టైటిల్ పోరు లేకపోయినా సర్దుకుంటాడు, ఓటు పోతే మాత్రం ఊరుకోడు. ఆ లెక్క బయటివాళ్లకి వింతగా ఉంటుంది. కానీ స్టేడియాలు నిండుతున్నాయి: సగటున ఒక్కో మ్యాచ్‌కి 38 వేలకు పైనే. డార్ట్‌మండ్ దక్షిణ స్టాండ్ ఒక్కదాంట్లోనే దాదాపు 25 వేల మంది నిలబడి చూస్తారు, తక్కువ టికెట్‌కి.

సరే, మరి పోటీ ఎక్కడుంది? దేని కోసం చూడాలి?

టేబుల్ అడుగున చూడండి. హాంబుర్గ్ 1963 నుంచి ఒక్కసారీ పడిపోని క్లబ్బు. 2018లో పడింది, తిరిగి రావడానికి ఏడేళ్లు పట్టింది. 2023లో వచ్చేశామనే అనుకున్నారు. తమ మ్యాచ్ గెలిచి, అభిమానులు మైదానంలోకి దిగి సంబరాలు కూడా మొదలుపెట్టారు. రెగెన్స్‌బుర్గ్‌లో 0-2తో వెనకబడ్డ హైడెన్‌హైమ్ ఒక గోల్ తీర్చి, 90 నిమిషాలు దాటాక కలిపిన సమయంలో ఇంకో రెండు గోల్స్ కొట్టి 3-2తో గెలిచింది. యాభై వేల జనాభా ఉన్న ఊరు పైకెళ్లింది, హాంబుర్గ్ కిందే ఉండిపోయింది. హైడెన్‌హైమ్‌కి 2007 నుంచి ఒకే కోచ్, ఫ్రాంక్ ష్మిట్. పైకొచ్చిన మొదటి ఏడాదే ఎనిమిదో స్థానం, దారిలో బయర్న్‌ని 3-2తో ఓడించారు.

16వ స్థానంలో వచ్చిన జట్టు రెండో డివిజన్‌లో మూడో స్థానంలో వచ్చిన జట్టుతో రెండు మ్యాచ్‌లు ఆడాలి. పడితే టీవీ డబ్బులో పెద్ద భాగం పోతుంది, స్పాన్సర్లు తగ్గుతారు, ఆఫీసు ఉద్యోగాలు కూడా పోవచ్చు. 2025 మేలో ఆ వంతు హైడెన్‌హైమ్‌దే. ఎదురుగా ఎల్‌వర్స్‌బెర్గ్, ఇంకా చిన్న ఊరు. 95వ నిమిషంలో షియెన్సా గోల్‌తో హైడెన్‌హైమ్ బతికిపోయింది. కొత్తవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలంటే మే చివర్లో జరిగే ఈ రెండు మ్యాచ్‌లతో మొదలుపెట్టండి.